డీజిల్ అనేది ఒక మనిషి పేరు

సౌదీలో మనం రోజూ పలికే మాటల్లో డీజిల్ ఒకటి. ట్రైలా తోలేవాళ్లు, వాటర్ ట్యాంకర్ నడిపేవాళ్లు, సైటు దగ్గర జనరేటర్ చూసుకునేవాళ్లు, సనాయాలో ఇంజన్లు విప్పి బిగించేవాళ్లు, ఎవరి నోట విన్నా అదే మాట. బంకు మీద అరబీలో రాసి ఉంటుంది, హిందీవాళ్లూ అదే అంటారు, ఫిలిప్పీన్స్‌వాళ్లూ అదే అంటారు. ఊళ్లో మన తాతలు దాన్ని ఆయిలింజను అన్నారు గానీ, అందులో పోసేదాన్ని మాత్రం డీజిలే అన్నారు. అయితే ఇది నూనెకు పెట్టిన పేరు కాదు, ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి కూడా మనలాగే పరాయి దేశంలో బతికినవాడు.

ఈ ఏడాది పుస్తకంలో ఆయన జీవితం చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. సౌదీలో డీజిల్ లీటరు 2023లో 75 హలాలలు ఉండేది. 2024 జనవరిలో 1 రియాల్ 15 హలాలలు అయింది. 2025 జనవరిలో 1 రియాల్ 66 హలాలలకు చేరింది. రెండేళ్లలో రెట్టింపు దాటింది. అప్పటి నుంచి మన మెకానిక్ సోదరులు, డ్రైవర్ సోదరులు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటే. వర్క్‌షాపులో డ్రమ్ములకు డ్రమ్ములు పడి ఉండే పాత ఇంజన్ ఆయిల్‌ని వడపోసి డీజిల్ ట్యాంకులో కలిపితే బండి నడవదా అని. నడిచిన బండ్లు చూశామని కొందరు అంటారు. ముదీర్ పోయమన్నాడు, ఏం చేయాలి అని ఇంకొందరు అడుగుతారు. దీనికి జవాబు ఈ మనిషి కథలోనే ఉంది. అందుకే మొదటి నుంచి చెబుతాం.

పరాయి ఊళ్లో పుట్టిన పిల్లవాడు

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఫ్రాన్స్‌వాళ్లు కారు. తండ్రి థియోడర్ది జర్మనీ దక్షిణాన ఉన్న ఆగ్స్‌బర్గ్, తల్లి ఎలీస్‌ది న్యూరెంబర్గ్. తండ్రి పుస్తకాలు బైండు చేసే పనివాడు. పారిస్‌లో తోలు సంచులు, పర్సులు కుట్టి అమ్మి ముగ్గురు పిల్లల్ని సాకాడు. కుట్టిన సరుకును తోపుడు బండి మీద గిరాకీల ఇళ్లకు చేర్చడం చిన్న రుడాల్ఫ్ పని. తీరిక దొరికితే ఊళ్లో ఉన్న యంత్రాల మ్యూజియానికి పోయి, అక్కడి పాత యంత్రాల బొమ్మలు గీసుకునేవాడు. బడిలో బాగా చదువుతాడని 1870లో పతకం కూడా ఇచ్చారు.

అదే ఏడాది ఫ్రాన్స్‌కూ జర్మనీకీ యుద్ధం వచ్చింది. జర్మన్లు దేశం విడిచి పోవాలన్నారు. ఏళ్ల తరబడి కష్టపడి పెట్టుకున్న పనీ, ఇల్లూ వదిలేసి, చేతికందినంత మూట కట్టుకుని ఆ కుటుంబం లండన్ చేరింది. అక్కడ తండ్రికి సరైన పని దొరకలేదు. ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గాలి కాబట్టి, పన్నెండేళ్ల పిల్లవాడిని ఒంటరిగా ఆగ్స్‌బర్గ్ పంపారు. అక్కడ బంధువు బార్నికెల్ లెక్కల మాస్టారు. ఆయన ఇంట్లో ఉండి చదువుకోవాలి.

1990లో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఈ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. ఎక్కడో ఎవరో ఇద్దరు రాజులు కొట్టుకుంటే, మధ్యలో పనివాడి సామాను రోడ్డున పడుతుంది.

ఆగ్స్‌బర్గ్‌లో పిల్లవాడు నిలదొక్కుకున్నాడు. పద్నాలుగేళ్లకే తాను ఇంజనీరు అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. ఇంటి పరిస్థితి చూస్తే వెంటనే ఏదో పనిలో చేరాలి. కానీ 1875లో స్కాలర్‌షిప్ రావడంతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరగలిగాడు. అక్కడ ఆయనకు పాఠం చెప్పిన కార్ల్ ఫాన్ లిండె మామూలు మాస్టారు కాదు. చల్లదనాన్ని యంత్రంతో పుట్టించే పద్ధతిని పరిశ్రమగా నిలబెట్టినవాడు. ఈ ఎడారిలో మన ఏసీ గదికీ, కోల్డ్ స్టోరేజీకీ మూలపురుషుల్లో ఆయన ఒకడు.

1879లో చివరి పరీక్షల సమయానికి డీజిల్‌కు టైఫాయిడ్ వచ్చింది. పరీక్ష తప్పిపోయింది. మళ్లీ పరీక్ష పెట్టేదాకా ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ ఫ్యాక్టరీలో చేతిపని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి గొప్ప మార్కులతో నెగ్గాడు. కాగితం మీద లెక్క తెలిసినవాడికి లేత్ దగ్గర నిలబడ్డ అనుభవం కూడా ఉండటం తర్వాత ఆయనకు పనికొచ్చింది.

మంచు ఫ్యాక్టరీ నుంచి ఇంజన్ దాకా

చదువు ముగియగానే గురువు లిండె ఆయన్ని మళ్లీ పారిస్ పంపాడు. ఒకప్పుడు వెళ్లగొట్టిన ఊరికే ఉద్యోగి అయి తిరిగొచ్చాడు. అక్కడ పెట్టిన మంచు ఫ్యాక్టరీకి ఏడాదిలోనే డైరెక్టర్ అయ్యాడు. సీసాలోనే స్వచ్ఛమైన మంచు తయారుచేసే పద్ధతికి 1881లో పేటెంట్ తీసుకున్నాడు. 1883లో మార్తా ఫ్లాషెను పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు. 1890లో కుటుంబంతో బెర్లిన్‌కు మారాడు. ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు మూడూ ధారాళంగా మాట్లాడేవాడు. ఊళ్లు మారుతూ బతికినవాళ్లకు భాషలు అలాగే అబ్బుతాయి.

ఉద్యోగం ఒకవైపు, మనసులో పట్టిన పురుగు ఇంకోవైపు. ఆ కాలంలో ఫ్యాక్టరీ అంటే ఆవిరి ఇంజన్. పెద్ద బాయిలర్, బండ్ల కొద్దీ బొగ్గు. వేసిన బొగ్గులో పదో వంతు శక్తి పనికి వస్తే గొప్ప, మిగతాదంతా పొగగొట్టంలోంచి పోతుంది. పెద్ద ఫ్యాక్టరీలవాళ్లు దాన్ని భరించగలరు. చిన్న వడ్రంగి, చిన్న నేతగాడు, తన తండ్రిలాంటి పనివాడు భరించలేడు. చిన్నవాడి చేతికి కూడా అందే ఇంజన్ కావాలని డీజిల్ కోరిక.

ముందు ఆవిరికి బదులు అమ్మోనియాతో ప్రయత్నించాడు. ఒకసారి అది పేలి నెలల తరబడి ఆస్పత్రి పాలయ్యాడు. తర్వాత వేరే దారి పట్టాడు. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనకు తెలిసిందే. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే ఎంత వేడెక్కుతుందంటే, అందులో చిమ్మిన నూనె దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోల్ ఇంజన్‌లో లాగా ప్లగ్గు అక్కర్లేదు. నిప్పురవ్వ అక్కర్లేదు. నొక్కుడే నిప్పు. డీజిల్ ఇంజన్ రహస్యమంతా ఇంతే. 1892లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు, 1893 ఫిబ్రవరిలో అది చేతికొచ్చింది.

పేటెంట్ కాగితం ఇంజన్ కాదు కదా. ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ ఆయనకు చోటిచ్చింది. ఈనాడు మన హైవేల మీద తిరిగే మ్యాన్ లారీల కంపెనీకి అదే పుట్టిల్లు. క్రుప్ అనే ఉక్కు కంపెనీ డబ్బు సాయం చేసింది. 1893 ఆగస్టు 10న మొదటిసారి సిలిండర్‌లోకి ఇంధనం వదిలారు. ఒత్తిడికి మీటరు పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. లోపల మంట పుట్టిందని మాత్రం రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజన్ సుమారు ఒక నిమిషం తనంతట తాను తిరిగింది. అప్పటిదాకా ఇంజన్‌ని బెల్టు తిప్పుతోంది. ఆ క్షణాన ఇంజనే బెల్టును లాగడం మొదట కనిపెట్టింది లిండర్ అనే మెకానిక్ అనీ, అతను మాట్లాడకుండా తల మీది టోపీ తీశాడనీ చెబుతారు.

అక్కడి నుంచి సరిగ్గా మూడేళ్లు పట్టింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి కొలిచాడు. సుమారు 20 హార్స్‌పవర్ ఇంజన్, పోసిన నూనెలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. మామూలు ఆవిరి ఇంజన్‌కు రెండున్నర రెట్లు. ప్రపంచం నలుమూలల నుంచి కంపెనీలు క్యూ కట్టాయి. అమెరికా హక్కుల కోసం అడాల్ఫస్ బుష్ అనే వ్యాపారి పది లక్షల మార్కులు ఇచ్చాడు. తోలు పర్సులు మోసిన పిల్లవాడు నలభై ఏళ్లకు కోటీశ్వరుడయ్యాడు.

ఏది పోసినా నడుస్తుందా?

ఇప్పుడు మన ప్రశ్న దగ్గరికి వద్దాం. డీజిల్ ఇంజన్ ఏది పోసినా తాగుతుందన్న మాట పుట్టింది ఆయన కాలంలోనే. అందులో నిజం ఉంది, సగం నిజం.

ఆయన మొదట అనుకున్న ఇంధనాల్లో బొగ్గుపొడి ఒకటి. బొగ్గు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. పేటెంట్‌లో కూడా దాని మాట రాశాడు. ప్రయోగాలు జరిగాయి. మండటం వరకు మండింది. కానీ బొగ్గు మండిన తర్వాత బూడిద మిగులుతుంది. ఆ బూడిద సిలిండర్‌లో పిస్టన్‌కూ గోడకూ మధ్య చేరి గరుకు కాగితంలా అరగదీసింది. ఆయన దగ్గర పనిచేసిన పావ్లికోవ్‌స్కీ తర్వాత ఏళ్ల తరబడి బొగ్గుపొడి ఇంజన్ మీదే పనిచేశాడు. ఇంజన్ నడిపించగలిగాడు గానీ, అరుగుదల సమస్య వదల్లేదు. మండటం వేరు, మండిన తర్వాత మిగిలేది వేరు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఇంకో కథ మన అనంతపురం, పాలమూరు సోదరులకు నచ్చుతుంది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్ పల్లీ నూనెతో నడిచింది. ఆఫ్రికాలోని తన వలసల్లో వేరుశనగ పండుతుంది కాబట్టి, అక్కడి నూనెతోనే ఇంజన్లు నడుస్తాయేమో చూడాలని ఫ్రెంచి ప్రభుత్వం కోరింది. ఇంజన్‌లో ఏ మార్పూ చేయకుండానే నడిచింది, చూసినవాళ్లు చాలామంది తేడా కూడా గుర్తుపట్టలేదు. ఏదో ఒకనాటికి మొక్కల నూనెలు కూడా ఇంధనంగా ముఖ్యమవుతాయని డీజిల్ 1912లో చెప్పాడు.

ఆ మాట మన ఊళ్ల దాకా వచ్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీసే గానుగ పెట్టుకున్నాయి. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా తగ్గుతుందని లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. డబ్బు పెద్దది కాదు, కానీ గూడెం పేరు ప్రపంచానికి తెలిసింది.

అమెరికా సైన్యం 1960ల్లో రకరకాల ఇంధనాలతో నడిచే ట్రక్కులు వాడింది. పెద్ద ఓడల ఇంజన్లు తారులాంటి మడ్డి నూనె తాగుతాయి. కానీ అవి ఆ పనికే పుట్టిన ఇంజన్లు. ఓడలో ఆ నూనెను వేడిచేసి, గిర్రున తిప్పే యంత్రంలో నీరూ మురికీ వేరుచేసి, మళ్లీ నూరు డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, అప్పుడు ఇంజన్‌కు ఇస్తారు. దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా మనుషులుంటారు.

ఇక పాత ఇంజన్ ఆయిల్ సంగతి. అది మండుతుంది, అందులో అనుమానం లేదు. పాత రకం బండ్లలో, చేతిపంపులాంటి మెకానికల్ ఇంజెక్షన్ పంపున్న ఇంజన్లలో, డీజిల్‌లో కొంచెం కలిపితే బండి కదులుతుంది కూడా. మనవాళ్లు చూశామంటున్నది అదే. ఇబ్బంది తర్వాత వస్తుంది. మూడు కారణాలు చెబుతాం.

మొదటిది చిక్కదనం. 40 డిగ్రీల వేడి దగ్గర మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ డీజిల్ కంటే దాదాపు 30 రెట్లు చిక్కన. నాజిల్‌లోంచి డీజిల్ పొగమంచులా చిమ్మాలి. చిక్కటి నూనె బొట్లు బొట్లుగా పడుతుంది. బొట్టు పూర్తిగా మండదు, నాజిల్ మూతి మీద, పిస్టన్ తల మీద బొగ్గులా పేరుకుంటుంది. నల్లపొగ వస్తుంది. మండని నూనె గోడల వెంట కిందికి జారి, చాంబర్‌లో ఉన్న మంచి ఆయిల్‌ని కూడా పాడుచేస్తుంది.

రెండోది బూడిద. ఇది చాలామందికి తెలియదు. ఇంజన్ ఆయిల్‌లో కంపెనీవాళ్లు కాల్షియం, జింకు, ఫాస్ఫరస్ ఉన్న మందులు కలుపుతారు. ఆయిల్ పని ఆయిల్ చేయాలంటే అవి ఉండాలి. కానీ అవి మండవు. లారీ ఇంజన్ ఆయిల్‌ని కాలిస్తే బరువులో సుమారు ఒక శాతం బూడిద మిగులుతుంది. అంటే 20 లీటర్ల డబ్బా కాలిస్తే సుమారు 170 గ్రాముల బూడిద. పెద్ద గుప్పెడు! ఇది ఆయిల్‌లో కరిగి ఉంటుంది కాబట్టి గుడ్డతో వడపోసినా, మంచి ఫిల్టర్ పెట్టినా, నెల రోజులు తేర్చినా పోదు. పైన కనిపించే మురికి పోయి నూనె తేటగా కనబడుతుంది, లోపలి బూడిద అలాగే ఉంటుంది. బొగ్గుపొడితో డీజిల్‌కు ఎదురైన కష్టమే ఇది, రూపం మారింది అంతే.

మూడోది కొత్త ఇంజన్ తీరు. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఇంధనం ఒత్తిడి 2000 బార్ దాకా పోతుంది. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, తల వెంట్రుక మందంలో ఎన్నో వంతు. పాత ఆయిల్‌లోని ఇనుపరజను అక్కడ గీతలు పెడుతుంది. పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ ఫిల్టర్ బూడిదతో పూడిపోతుంది. మసి అయితే ఫిల్టర్ తనే కాల్చుకుంటుంది గానీ బూడిదను కాల్చలేదు. నాలుగు ఇంజెక్టర్లు, ఒక పంపు, ఒక ఫిల్టర్ మార్చే ఖర్చు ముందు ఆ పోసిన పాత ఆయిల్‌తో మిగిల్చిన రియాళ్లు ఏ మూలకు?

ఇంకొకటి. వర్క్‌షాపు డ్రమ్ములో ఆయిల్ ఒక్కటే ఉండదు. బ్రేక్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు, కడిగిన పెట్రోల్ అన్నీ అందులోనే పోస్తారు. పెట్రోల్ కలిసిన ఆయిల్‌ని పొయ్యి మీద పెట్టి వేడిచేసి తేర్చాలని చూస్తే భగ్గుమంటుంది. క్యాంపు గదుల దగ్గర ఈ పని ఎవరూ చేయకండి.

అయితే డబ్బంతా నేలపాలు చేయాలా అంటే, అదీ వద్దు. పాత ఆయిల్‌ని తిరిగి శుద్ధి చేస్తే మళ్లీ ఇంజన్ ఆయిలే అవుతుంది. ఒక గ్యాలన్ పాత ఆయిల్ నుంచి తీసే లూబ్ ఆయిల్ కొత్తగా రావాలంటే 42 గ్యాలన్ల ముడి చమురు కావాలని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. సిమెంటు బట్టీల్లో 1400 డిగ్రీలు దాటిన వేడిలో దాన్ని కాలుస్తారు, బూడిద సిమెంటులో కలిసిపోతుంది. కాబట్టి దాన్ని లైసెన్సు ఉన్న సేకరణ బండికి ఇవ్వడమే సరైన దారి. ఇసుకలో మాత్రం పారబోయవద్దు. ఒక కారు ఆయిల్ మార్చగా వచ్చిన పాత నూనె 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అదే సంస్థ చెబుతుంది. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని దేశం ఇది. ఇక్కడ నేల కింది నీళ్ల విలువ వేరే చెప్పాలా.

చేతుల సంగతి కూడా. వాడిన ఆయిల్‌లో చర్మానికి చెడు చేసే, ఏళ్ల మీద క్యాన్సర్ తెచ్చే పదార్థాలు చేరతాయి. గ్లవుజులు వేసుకోండి. చేతులు పెట్రోల్‌తో కడగవద్దు, సబ్బుతో కడగండి. ఆయిల్ గుడ్డ జేబులో పెట్టుకోవద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. మూసిన షెడ్డులో ఇంజన్ స్టార్ట్ చేసి పని చేయవద్దు.

ముదీర్ పోయమంటే ఏం చేయాలి? మర్యాదగా నష్టం చెప్పండి. అయినా పోయమంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టమని అడగండి. రేపు పంపు పోతే తప్పు మీ మీదికి రాకూడదు. కార్మికుడి తప్పు వల్ల యంత్రం పాడైతే జీతంలో కోత పెట్టవచ్చు గానీ, నెలకు ఐదు రోజుల జీతం మించి కోయకూడదని సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణ చెబుతోంది. ఆ కోత అన్యాయమనుకుంటే ఫిర్యాదు చేసుకునే హక్కు కూడా ఉంది.

తేనెతుట్టె కల

డీజిల్ గురించి రాసేవాళ్లు ఇంజన్ గురించే రాస్తారు. ఆయన 1903లో ఒక పుస్తకం రాశాడన్నది తక్కువ మందికి తెలుసు. ఆ పుస్తకం పేరు సాలిడారిస్ముస్, అంటే సంఘీభావ వాదం. కార్మికులు ప్రతిరోజూ తలా కొన్ని పైసలు ఒక ఉమ్మడి నిధిలో వేయాలి. ఆ నిధి హామీ మీద అప్పు తెచ్చి, కార్మికులే సొంతదారులుగా ఫ్యాక్టరీలు పెట్టుకోవాలి. వాటికి ఆయన తేనెతుట్టెలు అని పేరు పెట్టాడు. జబ్బు చేస్తే, ముసలితనం వస్తే, ఆ నిధే చూసుకోవాలి.

పుస్తకం పదివేల ప్రతులు వేస్తే కొన్ని వందలే అమ్ముడుపోయాయి. యజమానులు నవ్వారు, కార్మిక నాయకులూ పట్టించుకోలేదు. తాను చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పదని మాత్రం ఆయన నమ్మాడు. చిన్నవాడికి అందాలనుకున్న ఇంజన్ పెద్ద ఫ్యాక్టరీల చేతికే పోయింది. ఆ బాధ ఆయనకు ఉండేది.

గదిలో పదిమంది తలా పది రియాళ్లు వేసుకుని, ఒకడి ఆపరేషన్‌కు, ఇంకొకడి టికెట్టుకు ఇచ్చే అలవాటు మన క్యాంపుల్లో ఎప్పటి నుంచో ఉంది. డీజిల్ పుస్తకం చదవకుండానే మనవాళ్లు అది చేస్తున్నారు. మన వేదిక నిలబడింది కూడా ఆ పది రియాళ్ల మీదే.

చివరి ప్రయాణం

పైకి బంగళా, పేరు, పెద్దల స్నేహం. లోపల మాత్రం పునాది కదులుతూ వచ్చింది. పేటెంట్ మీద తగాదాలు, నీ ఇంజన్ నువ్వు రాసిన లెక్క ప్రకారం లేదని ఎత్తిపొడుపులు. 1898లోనే ఒంట్లో, మనసులో బాగాలేక వైద్యశాలలో ఉండాల్సి వచ్చింది. స్థలాల వ్యాపారంలో పెట్టిన డబ్బు మునిగింది. అప్పులు పెరిగాయి. మ్యూనిక్‌లో పెద్ద బంగళా, నౌకర్లు, విందులు మాత్రం తగ్గలేదు. ఇంట్లోవాళ్లకు అసలు సంగతి చెప్పలేదు.

1912లో డెన్మార్క్‌లో కట్టిన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో కోపెన్‌హాగెన్ నుంచి బ్యాంకాక్ దాకా పోయి వచ్చింది. అదే ఏడాది ఆయన అమెరికా పోతే ఘనంగా చూసుకున్నారు. ప్రపంచం ఆయన పేరు జపిస్తున్న ఆ రోజుల్లోనే ఆయన బ్యాంకు ఖాతా ఖాళీ అవుతోంది.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండ్‌లో కొత్త డీజిల్ ఫ్యాక్టరీ పనికి పోతున్నాడు. తోటివాళ్లతో కలిసి భోజనం చేశాడు. పొద్దున ఆరుంబావుకు లేపమని చెప్పి గదికి పోయాడు. పొద్దున చూస్తే గదిలో లేడు. పడక నలగలేదు. టోపీ, కోటు డెక్ మీద కనిపించాయి. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్లకు సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు మాత్రం తెచ్చారు. కొడుకు యూజెన్ వాటిని చూసి తండ్రివేనని గుర్తుపట్టాడు. శవం ఇంటికి చేరలేదు. ఆయనకు 55 ఏళ్లు.

ఎవరో చంపారని కొందరు రాశారు, యుద్ధం దగ్గర పడుతోంది కాబట్టి రకరకాల అనుమానాలు వచ్చాయి. అప్పుల బాధతో తనే ప్రాణం తీసుకున్నాడని ఎక్కువ మంది చరిత్రకారులు నమ్ముతారు. బయలుదేరేముందు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం దాకా తెరవవద్దన్నాడట. తెరిస్తే కొంత నగదు, మిగతా అంతా అప్పుల లెక్కలు.

ఈ భాగం రాయాలా వద్దా అని మేము చర్చించుకున్నాం. రాయాలనే అనుకున్నాం. ఎందుకంటే ఏజెంటుకు కట్టిన అప్పు, చిట్టీ బాకీ, ఆగిపోయిన జీతం, వీటిని ఇంటికి చెప్పకుండా గుండెల్లో పెట్టుకుని తిరిగేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఫోనులో అంతా బాగుందని చెప్పి, రాత్రి పడుకోలేనివాళ్లు ఉన్నారు. ప్రపంచానికి ఇంజన్ ఇచ్చినంత తెలివిగలవాడు కూడా ఒంటరిగా ఆ బరువు మోయలేకపోయాడు. ఉమ్మడి నిధి గురించి పుస్తకం రాసినవాడు, తన కష్టం మాత్రం ఒక్కరి దగ్గరా చెప్పుకోలేదు. మీ పక్క మంచం సోదరుడు నాలుగు రోజులుగా అన్నం సరిగా తినకపోతే, మాట తగ్గితే, పక్కన కూర్చుని అడగండి. మీకే అలా ఉంటే మాకు ఫోన్ చేయండి, ఏ వేళైనా పర్లేదు. రియాద్‌లో మన రాయబార కార్యాలయం, జెద్దాలో కాన్సులేట్ ఉన్నాయి, తోడు వస్తాం. అప్పు తీర్చే దారి నలుగురు కూర్చుంటే దొరుకుతుంది. ఇంటికి మనిషి కావాలి, ఆ తర్వాతే డబ్బు.

ఆయన తర్వాత

డీజిల్ పోయాక పదేళ్లకు, 1923, 24లలో ఆయన ఇంజన్ లారీ ఎక్కింది. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక ఇంజన్ చిన్నదై, తేలికై ఊరూరికీ చేరింది. 1936లో మెర్సిడెస్ కారులోకి వచ్చింది. జపాన్‌లో యామఓకా అనే ఆయన 1933లో రైతుకు పనికొచ్చే చిన్న డీజిల్ ఇంజన్ తయారుచేశాడు. ఆయన పెట్టిందే యన్మార్ కంపెనీ. మన సైట్లలో దాని ఇంజన్లు ఎన్నో చూసి ఉంటారు. 1957లో ఆయన ఆగ్స్‌బర్గ్‌కు జపాన్ రాళ్లు పంపి, అక్కడి పార్కులో డీజిల్ జ్ఞాపకార్థం వనం కట్టించాడు.

మన పొలాల్లో మోటు బావి మీద టకటకమన్న ఆయిలింజను, మనల్ని ఎయిర్‌పోర్టు దాకా తెచ్చిన ఆర్టీసీ బస్సు, ఇక్కడ మన చేతిలో ఉన్న ట్రైలా, కరెంటు లేని సైటులో మన గదిని చల్లబరిచే జనరేటర్, అన్నీ ఆ తోపుడు బండి పిల్లవాడి ఆలోచనే. చిన్నవాడి చేతికి అందాలన్న ఆయన కోరిక, ఆయన చూడకుండానే, మన తాతల బావి దగ్గర తీరింది.

కాబట్టి సోదరులారా, ఇంజన్‌కు దాని తిండి పెట్టండి. పాత ఆయిల్‌ని డ్రమ్ములో మూతపెట్టి, నీళ్లూ పెట్రోలూ కలపకుండా ఉంచి, సేకరణ బండికి ఇవ్వండి. మీ వర్క్‌షాపులో ఎవరైనా ట్యాంకులో కలుపుతుంటే ఈ పేజీలు చదివి వినిపించండి, చదువు రానివాళ్లకు మీరే చెప్పండి. నెల చివర మన వేదిక పది రియాళ్లు మాత్రం మరిచిపోవద్దు.